పిండి గదిలో పసుపంచు పురుగు

మా బావను ఊళ్లో అందరూ డేగకన్ను అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. ఇళ్లకూ గోదాములకూ పురుగుల మందు కొట్టడం ఆయన పని. మందు కొట్టేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. బావను పిలిచేది మాత్రం మందు కోసం కాదు, మందుకు ముందు చెప్పే మాట కోసం. పైకప్పు మూలన నువ్వుగింజంత పురుగును కింద నిలబడే చూసి, ఇది చెక్కను తినేది, ఇది బట్టను తినేది, ఇది పాపం దారితప్పి వచ్చింది అని తేల్చేసేవాడు. దారితప్పి వచ్చినదైతే పంపు దించకుండానే కిటికీ తెరిచి, "పోవమ్మా, నీ ఇల్లు ఇది కాదు" అని సాగనంపేవాడు. అలా చేజారిన గిరాకీ గురించి అక్క సణుగుతూనే ఉండేది.

"పురుగుల మీదున్న జాలిలో పిసరంత పెళ్లాం మీద ఉంటే మన ఇల్లు ఎప్పుడో బాగుపడేది."

బావ మా ఇంటి అల్లుడయ్యేనాటికి నేను బడికి వెళుతున్నాను. వేరే బావలు మరదళ్లకు చాక్లెట్లు తెస్తారు. మా బావ అగ్గిపెట్టెలో చచ్చిన పురుగులు తెచ్చేవాడు. తెల్లకాగితం పరిచి, పురుగును దాని మీద పెట్టి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవాడు.

"రంగు చూసి మోసపోకు మరదలా. దుమ్ము పడితే రంగు మారుతుంది, వయసు మీదపడితే రాలిపోతుంది. ముందు కూర్చున్న తీరు చూడు. తర్వాత రెక్క అంచు చూడు. రంగు ఆఖర్న."

"మా అక్కను కూడా ఇలాగే చూశావా బావా?"

"మీ అక్క కూర్చుంటేగా? నిలబడే తిట్టింది."

తీరు, అంచు, రంగు. ఈ వరస ఆయనకు ఎవరు నేర్పారో తెలియదు. బహుశా తనే కనిపెట్టుకుని ఉంటాడు. నాకు ఎక్కాలు సరిగా రాలేదు గానీ ఇది మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

యాభై దాటాక బావ చేతిలో పేపరు మెల్లగా దూరం జరగడం మొదలుపెట్టింది. మొదట మోచేతి దూరం, తర్వాత చెయ్యి చాచినంత దూరం. చివరికి పేపరును కిటికీకి ఆనించి తను మంచం చివర కూర్చుని చదివేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పంతా అచ్చుదీ బల్బుదీ. నేను పనిచేసేది కళ్లద్దాల షాపులో. మనిషి లోపలికి వచ్చి చేతిలో ఉన్న చీటీని ఎంత దూరంలో పట్టుకున్నాడో చూస్తే చాలు, ఏ అద్దం కావాలో సగం తెలిసిపోతుంది. ఎదురుగా ఇంట్లో మనిషి అలా పేపరుతో కుస్తీ పడుతుంటే నోరు మూసుకుని ఎలా కూర్చుంటాను?

"బావా, నీకు దగ్గర చూపు పోయింది."

"పోయింది నీ మొహం. నీ షాపుకు గిరాకీ కావాలంటే వీధిలోకి వెళ్లి వెతుక్కో. అద్దాలు పెట్టుకుని తిరిగేవాణ్ణి డేగకన్ను అని ఎవడు పిలుస్తాడు? నా పొట్ట నేనే కొట్టుకోవాలా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. నేనూ రోజూ పోట్లాడలేక ఊరుకున్నాను. ఆయన పని చేసే పద్ధతి మార్చేశాడని మాత్రం నాకు తెలియదు. అక్కకూ తెలియదు. ఇప్పుడు ఆలోచిస్తే, తనకు కూడా సరిగ్గా తెలిసి ఉండదనిపిస్తుంది. అలాంటివి ఒక్కరోజులో జరగవు.

ఆయన చూడటం మానేసి అడగడం మొదలుపెట్టాడు. ఎవరైనా పురుగును చేతిలో పెడితే, కళ్లు చిట్లించి, తల పంకించి, "ఎక్కడ దొరికింది?" అనేవాడు. బీరువాలో ఉన్ని దుప్పట్ల మధ్య అని వాళ్లంటే, ఇంకేముంది, బట్టను తినే చిమట. పుస్తకాల అలమరలో అంటే పుస్తకాల పురుగు. సమాధానం వాళ్లే చెప్పేవారు, బావ దానికి ముద్ర వేసేవాడు. చాలాసార్లు అది నిజమే అయ్యేది కూడా. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఊరి చివర పిండి మిల్లు ఉంది. గోధుమలు పట్టి, పిండి బస్తాలకెత్తి, రొట్టెల కార్ఖానాలకు పంపుతారు. బస్తాలు నిలవుండే గది బాధ్యత ఒకావిడది. మిల్లులో చిన్నాపెద్దా అందరూ ఆవిడను పిన్ని అనే పిలుస్తారు. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్లు కూడా పిన్నీ అంటుంటే, "నాకంటే ముందు పుట్టి నన్ను పిన్నీ అంటావేం, సిగ్గులేదూ" అని నవ్వేదట. గది ఊడవడం, బస్తాల వరసల మధ్య కుంచెతో దులపడం, రోజూ పొద్దున్నే ఒక్కో వరస నుంచి గుప్పెడు పిండి తీసి జల్లెడ పట్టి చూడటం ఆవిడ పని. జల్లెడలో చూడాల్సింది పురుగును కాదు, దారాలను. పిండి చిమట పిల్ల తిన్నచోటల్లా సాలెగూడు పోగులాంటి సన్నటి దారాలు వదులుతుంది. పిండి వాటికి అంటుకుని ఉండలు కడుతుంది. దారం కనిపిస్తే గదంతా పోయినట్టే, సరుకు ఎవరూ తీసుకోరు. గది ఎవరిదో వాళ్ల ఉద్యోగమూ పోయినట్టే. అది మిల్లులో అందరికీ తెలిసిన కట్టుబాటు.

ఒకరోజు ఆ గది గోడమీద చిన్న చిన్న రెక్కల పురుగులు వాలి కనిపించాయి. మేనేజరు కంగారుపడి బావకు కబురు పెట్టాడు. అక్కడ జరిగింది నేను చూడలేదు. తర్వాత బావ చెప్పింది కొంత, బస్తాలు కుట్టేవాళ్లు చెప్పింది కొంత. రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి నిజమే అయ్యుంటుంది.

మేనేజరు ఒక పురుగును కాగితంతో పట్టి బావ అరచేతిలో పెట్టాడు. గదిలో వెలుగు అంతంతమాత్రం. బావకు కనపడింది చేతిలో ఒక బూడిద చుక్క, అంతే.

"ఎక్కడ వాలింది?" అన్నాడు అలవాటుగా.

"పిండి బస్తాల మీది గోడకు."

"ఇంకేముంది, పిండి చిమట."

బస్తాలు కుట్టేవాళ్లంతా గుమ్మం దగ్గర మూగారు. పిన్ని మాత్రం లోపలికి వచ్చి, చేతిలో జల్లెడ ముందుకు చాపింది.

"పొద్దున్నే పట్టి చూశాను సార్. అన్ని వరసలూ చూశాను. దారాల్లేవు."

బావ అందులోంచి చిటికెడు పిండి తీసుకున్నాడు. వేళ్ల మధ్య నలిపాడు. వెలుతురుకేసి ఎత్తాడు. తెల్లగా ఏదో కనిపించింది, అది పిండో వేలో కూడా తెలియలేదట. అప్పుడైనా తెలియడం లేదంటే సరిపోయేది. అందరూ చూస్తున్నారు. డేగకన్ను నోటివెంట ఆ మాట ఎలా వస్తుంది?

"ఉన్నాయి" అన్నాడు.

"ఎక్కడ సార్?" పిన్ని జల్లెడలోకి వంగి చూసింది. "నాకు కనపడటం లేదే."

"నీ కళ్లకు కనపడవులే తల్లీ. వాటిని చూడాలంటే అలవాటైన కన్ను కావాలి."

పిన్ని జల్లెడను అటు తిప్పి, ఇటు తిప్పి, వెలుగులోకి జరిగి, చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. మేనేజరు గొంతు పెంచాడు.

"బస్తాల వెనక రోజూ ఊడుస్తున్నావా లేదా? నిజం చెప్పు."

"ఊడుస్తున్నానండీ." కాసేపాగి, మెల్లగా అంది. "ఆ మధ్య జ్వరం వచ్చినప్పుడు వెనక వరస ఒకరోజు వదిలేశానేమో."

అంతే, ఆ మాట దొరికింది. సాయంత్రానికి గది తాళంచెవి ఆవిడ చేతినుంచి పోయింది. బావ మందు కొట్టి, తన అలవాటు ప్రకారం ఆ పురుగును ఖాళీ మాత్రల సీసాలో వేసుకుని ఇంటికొచ్చి, అలమరలో మిగతా సీసాల పక్కన పెట్టాడు. ఇంట్లో ఈ సంగతి చెప్పనైనా లేదు. చెప్పుకోదగ్గ సంగతి అనుకోలేదు. ఆ రాత్రి కూర బాగుందని ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాడు.

అద్దాలు ఆయన ముక్కుమీదికి వచ్చింది నా నోటి వల్ల కాదు, ఆయన మందు వల్లే. సీసా మీద రాసింది చదవలేక ఒకరోజు పాళ్లు తప్పి కలిపి, కళ్లు తిరిగి ఎవరింట్లోనో కూలబడిపోయాడు. వాళ్లు ఆటోలో వేసి తీసుకొచ్చి దింపారు. ఆయన తేరుకునేదాకా అక్క ఏమీ అనలేదు. తేరుకున్నాక మాత్రం ఊపిరి తీసుకోనివ్వలేదు.

"ఇవాళ మరదలి షాపుకు వస్తావా, లేకపోతే ఆ పంపు నా వీపున తగిలించి నువ్వు ఇంట్లో కూర్చుంటావా? రెంట్లో ఒకటి చెప్పు."

పిల్లిలా వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి, చదివే అట్ట చేతికిచ్చాను. అట్టను అటూ ఇటూ తిప్పి, కళ్లు చిట్లించి, తల పంకించి, "ఎక్కడిది ఇది? పేపర్లోదా?" అన్నాడు.

నేనూ, పక్కనున్న షాపువాళ్లూ పడీపడీ నవ్వాం. అట్టమీది అక్షరాలు చదవమంటే అవి ఎక్కడివి అంటాడేమిటని. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అప్పుడు నాకు తట్టలేదు.

అద్దాలు పెట్టుకున్న మొదటిరోజు ఆయన్ను చూడాలి. సబ్బు కవరు చదివాడు. మాత్రల అట్ట వెనక చదివాడు. గోడమీద పాత క్యాలెండరు అడుగున అచ్చువేసినవాడి చిరునామా చదివాడు. అక్కను దగ్గరికి పిలిచి, మొహంలోకి చూసి, "నీ ముక్కు పక్కన ఈ మచ్చ ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

"నాతోపాటే వచ్చింది, పుట్టినప్పుడు. నీకే ఆలస్యంగా చేరింది కబురు."

మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే పెరటి కుళాయి దగ్గర్నుంచి కేక వేశాడు. మా రెండు వాటాలకూ పెరడు ఒకటే.

"మరదలా, ఇలా రా! త్వరగా రా, ఎగిరిపోతుంది!"

కుళాయి వెనక గోడ ఎప్పుడూ తడి తడిగా ఉంటుంది. దానిమీద బూడిదాకుపచ్చ పొలుసుల్లా పాచి పట్టి ఉంటుంది. ఆ పాచి పక్కన వేలిగోరంత కూడా లేని రెక్కల పురుగొకటి కదలకుండా కూర్చుంది. బావ మొహం నా బడి రోజుల్లో ఉన్నట్టు వెలిగిపోతోంది.

"తీరు చెప్పు."

"రెక్కలు ఒంటికి చుట్టేసుకుంది. చుట్టిన చాపలాగ."

"అంచు?"

"పసుపు. మెడ దగ్గర్నుంచి చివరిదాకా, సన్నగా దారంతో కుట్టినట్టు."

"రంగు?"

"బూడిద."

"అద్దీ! ఇది ఈ నేల పురుగు. ఎక్కడినుంచో సరుకుల వెంట దిగుమతైంది కాదు. మనకంటే ముందునుంచీ ఇక్కడే ఉంది. దీని పిల్ల ఈ పాచి గీక్కుని తిని బతుకుతుంది. మన గింజ ముట్టదు, గుడ్డ ముట్టదు. దీపం వెలుగుతుంటే మాత్రం ఆగలేక ఇంట్లోకొస్తుంది, పిచ్చిది."

"మరి పిండి చిమట ఎలా ఉంటుంది? అదీ బూడిదే అన్నావు కదా."

"అది తల ఎత్తి, తోక దించి కూర్చుంటుంది. రెక్కల మీద నల్లగా వంకర గీతలుంటాయి. దానికి ఈ పసుపంచు ఉండనే ఉండదు. తేలిగ్గా చెప్పొచ్చు. చెయ్యి చాచినంత దూరం నుంచి చూస్తే మాత్రం రెండూ ఒక్కలాగే..."

మాట అక్కడ ఆగిపోయింది. బావ నన్ను తోసుకుని లోపలికి వెళ్లాడు. వెనకే వెళ్లాను. అలమరలోంచి చివరి సీసా తీశాడు. తెల్లకాగితం పరిచి, సీసా బోర్లించి, వేలితో తట్టాడు. పురుగు ఎండి ముడుచుకుపోయింది. ఒక రెక్క సగం విరిగింది. రెండో రెక్క అంచుకు మాత్రం సన్నటి పసుపు దారం చెక్కుచెదరకుండా ఉంది.

"ఇది ఎక్కడిది బావా?" అన్నాను.

అప్పుడు చెప్పాడు నాకు, మొదటినుంచి చివరిదాకా. జల్లెడ సంగతి చెప్పాడు, 'నీ కళ్లకు కనపడవు' అన్న సంగతి చెప్పాడు. ఆ మాటను మాత్రం రెండుసార్లు చెప్పాడు. మిల్లు వెనక ప్రహరీ నిండా పాచేనట. పిండి గది కిటికీ బయట కొత్తగా పెద్ద దీపం పెట్టారట. దాని కింద నుంచే ఆ రోజు బావ లోపలికి నడిచి వెళ్లాడు. పసుపంచు పురుగులు పాచిలో పుట్టి, దీపానికి వచ్చి, కిటికీలోంచి దూరి గోడమీద వాలాయి. పిండితో వాటికి ఏ సంబంధమూ లేదు. పొలంలో పక్షిని చూసి గింజలు దొంగిలించిందన్నట్టు, ఎక్కడ ఉందో విని ఏమిటో తేల్చేశాడు.

ఆ రోజునుంచి బావకు ముద్ద దిగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వీధిలో ఎవరు ఎవర్ని పిన్నీ అని పిలిచినా ఉలిక్కిపడేవాడు. పిన్ని సంగతి ఒక్కటే కాదు. చూపు తగ్గిన దగ్గర్నుంచి చూడకుండా 'అదే' అన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. ఈయన మాట విని ఒక ముసలాయన తన పాత పుస్తకాలన్నీ తగలబెట్టించాడు. ఒకావిడ తన తల్లి అల్లిన ఉన్ని దుప్పటి పారేసింది, పారేసేముందు దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది. అవి నిజంగా ఏ పురుగులో ఇప్పుడెవరు చెబుతారు? అలమరలో సీసాల వైపు చూడాలంటేనే ఆయనకు భయం పట్టుకుంది. అద్దాలు తీసి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. కనపడకపోవడమే హాయిగా ఉందేమో.

అక్క ఊరుకోలేదు. "ఇక్కడ కూర్చుని కుమిలిపోతే ఆవిడకు ఉద్యోగం వస్తుందా? వెళ్లి చెప్పి రా" అని పంపింది. వెళ్లాడు. వచ్చేటప్పటికి మొహం తేటపడింది. కాళ్లు కడుక్కుని వచ్చి అన్నం పెట్టమన్నాడు.

"ఏమన్నాడు మేనేజరు?" అని అడిగాను.

"పొరబడ్డానని చెప్పాను. అయినా ఆవిడే ఒప్పుకుంది కదా, వెనక వరస వదిలేశానని? మీ మాట ఎలా ఉన్నా అది తప్పే కదా, ఇప్పుడెందుకు తవ్వడం అన్నాడు. కొత్తమనిషిని కూడా పెట్టేశారట." కంచంలోకి చూస్తూ మళ్లీ అన్నాడు. "ఆవిడే ఒప్పుకుందట."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద నాకెంత ప్రేమో అంత కోపం వచ్చింది.

"పొరబడ్డానన్నావా? పొరబడటమంటే చూసి ఒకటనుకుని ఇంకొకటి చెప్పడం. నువ్వసలు చూశావా బావా? కనపడకుండానే దారాలున్నాయన్నావు. దాన్ని పొరపాటంటారా? ఆవిడ ఒప్పుకుందని నువ్వు అన్నం తింటున్నావు, ఆవిడ ఎలా తింటోందో కనుక్కున్నావా?"

"నోర్ముయ్" అంది అక్క నన్ను. బావ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అక్క నా నోరు మూయించింది గానీ, మర్నాడు నాతోపాటే చెప్పులేసుకుని బయల్దేరింది. ముగ్గురం పిన్ని ఇంటికి వెళ్లాం.

ఒకే గది. కూతురు మూలన కుట్టుమిషను మీద పని చేస్తోంది. పిన్ని కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో జల్లెడ. జల్లెడలోకి గుప్పెడు పిండి వేయడం, పట్టడం, కిటికీ వెలుగులోకి ఎత్తి చూడటం, మళ్లీ అదే పిండి ఎత్తి జల్లెడలో పోయడం. మేము గుమ్మంలో నిలబడ్డా చూసుకోలేదు.

"మిల్లు మానేసిన దగ్గర్నుంచి ఇదే పనండీ" అంది కూతురు, మిషను ఆపి. "వంటకు పిండి కావాలంటే సాయంత్రమవుతుంది. నేను చూసి ఏం లేవమ్మా అన్నా నమ్మదు. తన కళ్లను తనే నమ్మదు. రెండిళ్లలో పని అడిగితే, పురుగుల పిన్నివి నువ్వేనా అన్నారట. మూడో ఇంటికి వెళ్లలేదు."

బావ లోపలికి వెళ్లి, ఆవిడ ఎదుట నేలమీద కూర్చున్నాడు. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. సీసా తీసి, కాగితం పరిచి, పురుగును చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఏదీ దాచలేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి దాచనిచ్చేదాన్ని కూడా కాదు. పిన్ని మొదట పురుగును చూసింది, తర్వాత ఆయన అద్దాలను చూసింది.

"అయితే ఆ రోజు దారాలు?"

"లేవు."

"లేవా? మీకు కనపడలేదా?"

"నాకేమీ కనపడలేదు. మీ జల్లెడే సరిగా కనపడలేదు. కానీ ఈ పురుగు పిండి ముట్టదు. కాబట్టి దారాలు లేవు. మీరు చూసిందే నిజం."

"మరి నేను వెనక వరస వదిలేశానన్నానుగా?"

"నిజంగా వదిలేశారా?"

పిన్ని జల్లెడ అంచును వేలితో రాస్తూ ఉండిపోయింది.

"జ్వరంలో కూడా వెళ్లి ఊడ్చానండీ. అమ్మాయి వద్దంటున్నా వెళ్లాను. కానీ మీరంత గట్టిగా ఉన్నాయన్నారు. మీకు కనపడిందంటే నా చేతిలో ఎక్కడో తప్పు ఉండే ఉంటుంది కదా అనుకున్నాను. ఏ రోజు చేశానా, ఏ రోజు చేశానా అని అక్కడే నిలబడి వెతుక్కున్నాను. వెతగ్గా వెతగ్గా ఆ జ్వరం రోజు దొరికింది. ఇదే అయ్యుంటుందనుకున్నాను."

అక్క కళ్లు తుడుచుకుంది. బావ రెండు చేతులూ ఎత్తబోయాడు. పిన్ని మధ్యలోనే ఆపేసింది.

"నాకు దండాలొద్దు. ఇక్కడ నాలుగు గోడల మధ్య చెబితే ఎవరు విన్నారు? ఆ రోజు అందరి ముందూ అన్నారు. ఆ అందరి ముందే చెప్పండి. పురుగు వేరన్నది ఒక్కటే కాదు. మీకు కనపడలేదని కూడా చెప్పండి."

ఆ చివరి మాట ఏమి అడుగుతోందో మా ముగ్గురికీ తెలుసు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఇక్కడ జారిన మాట తీసుకోవాలంటే, డేగకన్ను అనే పేరు అక్కడ దించి రావాలి. ఆ పేరే ఆయన అన్నం. తిరిగొచ్చాక ఇంటి ముందు అక్క ఒక్కటే అంది.

"రేపు పొద్దున వెళ్దాం. నేనూ వస్తాను."

మిల్లు గేటు దగ్గర పనివాళ్లు మారే వేళకు వెళ్లాం. లోపలివాళ్లు ఒళ్లంతా పిండితో బయటికొస్తున్నారు. బయటివాళ్లు డబ్బాలు పట్టుకుని లోపలికెళ్తున్నారు. పిన్ని కూతురితో వచ్చి గేటుకు ఎడంగా నిలబడింది. నలుగురైదుగురు ఆవిడను చూసి తల తిప్పుకున్నారు. బావ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మొదటి మాట ఎవరికీ వినపడలేదు. అక్క వెనక నుంచి పొడిచింది.

"నేను డేగకన్నును" అన్నాడు బావ, ఈసారి గట్టిగా. ఎవడో కిసుక్కున నవ్వాడు. "నాకు చాలాకాలంగా దగ్గరివి కనపడవు. ఆ సంగతి దాచిపెట్టి ఇంటింటికీ తిరిగాను. ఆ రోజు పిండి గదిలో నా చేతిలో పెట్టిన పురుగు నాకు కనపడలేదు. పిండిలో దారాలు కనపడలేదు. ఉన్నాయని అబద్ధం చెప్పాను. అది గోడల మీద పాచి తినే పురుగు, బయటి దీపానికి వచ్చింది. పిన్నిగారి గదిలో ఏ లోపమూ లేదు. ఆవిడ పట్టిన జల్లెడలో ఏమీ లేదు. మీరందరూ ఆ రోజు నా మాట విన్నారు. ఈ మాట కూడా వినండి."

బస్తాలు కుట్టే ముసలాయన ఒకడు వెళ్లి పిన్ని పక్కన నిలబడ్డాడు. ఇంకొకావిడ వెళ్లింది. గొడవేమిటా అని మేనేజరు మెట్లు దిగొచ్చాడు. అంతమంది విన్నాక ఆయనకు మాత్రం ఏం దారి ఉంది? బావతో, "మీరిక మా మిల్లుకు రానక్కర్లేదు" అన్నాడు. పిన్నితో, "రేపట్నుంచి రా" అన్నాడు.

"గది తాళంచెవి ఇస్తేనే వస్తాను" అంది పిన్ని. మేనేజరు తలూపి లోపలికి వెళ్లిపోయాడు. మిల్లు సైరను మోగింది. జనం చెదిరారు.

ఆ తర్వాత బావను పిలిచేవాళ్లు బాగా తగ్గిపోయారు. అది ముందే తెలిసి వెళ్లాం కాబట్టి ఇంట్లో ఎవరమూ దాని గురించి మాట్లాడుకోం. పిలిచిన చోట మాత్రం అద్దాలు పెట్టుకుని, కాగితం పరిచి, తీరూ అంచూ రంగూ వరసగా చూస్తాడు. ఎక్కడ దొరికిందని చివర్న అడుగుతాడు. చూసి చూసి, తెలియనప్పుడు తెలియడం లేదంటాడు. ఆ ముసలాయన పుస్తకాల గురించీ ఆ దుప్పటి గురించీ ఇప్పటికీ ఉన్నట్టుండి మాట్లాడతాడు. వాటికి ఎక్కడికి వెళ్లి చెప్పుకోవాలో తెలియదు.

కానీ నాకు ఎప్పటికీ గుర్తుండేది ఆ పొద్దుటి గేటే. అందరూ వెళ్లిపోయాక కూడా బావ ఉన్నచోటే తల దించుకుని నిలబడ్డాడు. పనివాళ్లు దులుపుకుంటూ వెళ్లిన పిండి ఆయన భుజాల మీదా జుట్టు మీదా పడింది. అద్దాలు తెల్లగా అయిపోయాయి. పిన్ని వచ్చి ఎదురుగా నిలబడింది. ఇప్పుడేమైనా అంటుందేమోనని నేనూ అక్కా దగ్గరికి జరిగాం.

"ఇలా ఇవ్వండి" అంది.

ఆయన ముఖం మీది అద్దాలు తనే తీసి, జేబుగుడ్డతో ఒక్కో అద్దమూ జాగ్రత్తగా తుడిచింది. వెలుగులోకి ఎత్తి, జల్లెడలోకి చూసినట్టు చూసింది. ఎక్కడో చుక్క మిగిలినట్టుంది, మళ్లీ తుడిచింది. తర్వాత వాటిని ఆయన కళ్లకు పెట్టి, ఒకడుగు వెనక్కి వేసి నిలబడింది.

"ఇప్పుడు చూడండి. కనిపిస్తున్నానా?"